సయ్యద్ అబ్దుల్ రహీమ్

సయ్యద్ అబ్దుల్ రహీమ్ (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు, ఉపాధ్యాయుడు. ఆటగాళ్ళందరూ ఆయనను రహీమ్ సాహెబ్ అని పిలిచేవారు. 1951లో న్యూఢిల్లీలోను, 1962లో జకార్తాలోను జరిగిన ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణ పతకాలు గెలుచుకున్నప్పుడు జట్టు శిక్షకుడు ఆయనే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు సెమీఫైనల్ చేరి నాలుగవ స్థానం పొందినది కూడా ఆయన శిక్షణలోనే. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును దేశంలోని అత్యుత్తమ జట్లలో ఒకటిగా తీర్చిదిద్దిన ఘనత ఆయనకు దక్కుతుంది. బడిపంతులుగా జీవితం ప్రారంభించిన రహీమ్, పిల్లలకు పాఠం చెప్పే పద్ధతినే మైదానానికి తెచ్చాడు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఆయన పనిచేసిన కాలాన్ని స్వర్ణయుగంగా పరిగణిస్తారు.

నేపథ్యం

భారతదేశంలో ఫుట్‌బాల్ అనగానే కలకత్తా, గోవా, కేరళ గుర్తుకు వస్తాయి. కాని 1940 నుండి 1960 దశకం వరకు హైదరాబాదు నగరం ఈ మూడింటికీ ఏమాత్రం తీసిపోలేదు. సికింద్రాబాదు, బొల్లారం ప్రాంతాలలోని కంటోన్మెంటులలో బ్రిటిషు సైనికులు ఆడిన ఈ ఆట, క్రమంగా చుట్టుపక్కల బస్తీలకు వ్యాపించింది. నిజాం కాలంలో పాఠశాలలు, కళాశాలలు, పోలీసు శాఖ ఈ ఆటను ప్రోత్సహించాయి. ఉర్దూ మాట్లాడే పాతబస్తీ యువకులు, కంటోన్మెంటు ప్రాంతంలో స్థిరపడిన తమిళ కుటుంబాల పిల్లలు, తెలుగువారు, ఆంగ్లో ఇండియన్లు ఒకే మైదానంలో ఆడేవారు. అయితే ఆట ఎంత విస్తరించినా దానికి ఒక క్రమపద్ధతి ఉండేది కాదు. ఆ క్రమపద్ధతిని తెచ్చినవాడు రహీమ్.

బాల్యం, విద్యాభ్యాసం

రహీమ్ 1909, ఆగష్టు 17న నిజాం పాలనలోని హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలో విశ్వవిద్యాలయ జట్టు తరఫున ఫుట్‌బాల్ ఆడాడు. తరువాత విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఏర్పరచుకున్న ఎలెవన్ హంటర్స్ అనే జట్టులో కూడా ఆడాడు. ఆటగాడిగా ఆయన స్థానికంగా పేరు పొందినప్పటికీ, ఆయన కీర్తి అంతా శిక్షకుడిగా సంపాదించుకున్నదే.

ఉపాధ్యాయ వృత్తి

చదువు పూర్తయిన తరువాత రహీమ్ ఉపాధ్యాయ వృత్తిలో చేరాడు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశాడు. ఆ తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పాఠశాలలలో ఆటల బాధ్యతను స్వీకరించాడు.

ఈ ఉపాధ్యాయ నేపథ్యం ఆయన శిక్షణ మీద గాఢమైన ప్రభావం చూపింది. ఆ రోజులలో మన దేశంలో శిక్షకుడు అంటే ఆటగాళ్ళ చేత పరుగులు తీయించి, జట్టును ఎంపిక చేసి, మైదానంలోకి పంపించే పెద్దమనిషి అన్న భావన ఉండేది. రహీమ్ మాత్రం ఆటను ఒక పాఠ్యాంశంగా చూశాడు. అక్షరాలు, గుణింతాలు రాకుండా వాక్యం వ్రాయలేనట్లే, బంతిని ఆపడం, అందించడం, ఖాళీ స్థలంలోకి పరుగెత్తడం రాకుండా ఆట రాదన్నది ఆయన నమ్మకం. కాబట్టి చిన్న వయసు నుండే ప్రాథమికాంశాలను నేర్పాలని భావించాడు.

హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం

హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం 1939లో ఏర్పడింది. 1940 దశకం తొలి సంవత్సరాలలో సయ్యద్ మహమ్మద్ హాదీ ఈ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. హాదీ బహుముఖ క్రీడాకారుడు. డేవిస్ కప్ టెన్నిస్ పోటీలలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించాడు. రంజీ ట్రోఫీ క్రికెట్‌లో మొట్టమొదటి శతకం సాధించినది కూడా ఆయనే. ఆయన హయాంలో, 1943లో రహీమ్ సంఘం కార్యదర్శి అయ్యాడు. అప్పటి నుండి మరణించే వరకు, అంటే ఇరవై సంవత్సరాలపాటు ఆ పదవిలో కొనసాగాడు.

శిక్షకుడే కార్యదర్శి కూడా కావడం వల్ల ఒక ప్రయోజనం కలిగింది. తాను నేర్పదలచుకున్న దానికి తగిన పోటీలను రహీమ్ స్వయంగా ఏర్పాటు చేయగలిగాడు. నగరంలో క్లబ్బుల లీగ్ పోటీలు క్రమబద్ధంగా జరిగేటట్లు చూశాడు. లీగ్ మ్యాచ్‌లను గమనిస్తూ ప్రతిభ గల కుర్రవాళ్ళను గుర్తించేవాడు.

శిక్షణా పద్ధతులు

ఆ కాలంలో భారతీయ ఆటగాళ్ళలో అధికులకు బంతిని కాళ్ళ మధ్య తిప్పుతూ ప్రత్యర్థులను ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోవడం ఇష్టం. దీనిని డ్రిబ్లింగ్ అంటారు. ప్రేక్షకులు కూడా దానికే చప్పట్లు కొట్టేవారు. అయితే ఒక్కడు ఎంత చక్కగా డ్రిబ్లింగ్ చేసినా బంతి కంటే వేగంగా పరుగెత్తలేడు. రహీమ్ ఈ అలవాటును మాన్పించడానికి ఉపన్యాసాలు ఇవ్వలేదు. పోటీ నిబంధనలనే మార్చాడు. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు నిర్వహించాడు. వీటిలో బంతి అందిన వెంటనే ఆటగాడు దానిని సహచరునికి అందించవలసి ఉంటుంది. దీనివల్ల బంతి చేరకముందే ఎవరు ఎక్కడ ఉన్నారో చూసుకోవడం ఆటగాళ్ళకు అలవాటయింది.

అదేవిధంగా బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన టోర్నమెంట్లను కూడా ఆయన జరిపించాడు. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం గలవాడు కుడికాలితోను ఆడాలి. మొదట తడబడినా, కొంతకాలానికి రెండు కాళ్ళతోనూ సమానంగా ఆడగలిగే ఆటగాళ్ళు తయారయ్యారు. హైదరాబాదు ఆటగాళ్ళకు దేశమంతటా పేరు రావడానికి ఈ నైపుణ్యం ఒక ముఖ్య కారణం.

వ్యూహాల విషయంలో కూడా రహీమ్ కాలంతో పాటు నడిచాడు. భారతదేశంలో చాలాకాలం ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లతో కూడిన పాత అమరిక కొనసాగింది. ఐరోపా జట్లు దీనిని ఎప్పుడో విడిచిపెట్టాయి. రహీమ్ విదేశీ జట్ల ఆటను శ్రద్ధగా పరిశీలించి, ముందు ముగ్గురు బ్యాక్‌ల పద్ధతిని, తరువాత నలుగురు బ్యాక్‌లు, ఇద్దరు హాఫ్‌లు, నలుగురు ఫార్వర్డ్‌ల పద్ధతిని జాతీయ జట్టుకు అలవాటు చేశాడు. క్రమశిక్షణ విషయంలో చాలా కఠినంగా ఉండేవాడు. ఎంతటి పేరున్న ఆటగాడైనా సాధనలో మినహాయింపు ఉండేది కాదు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

రహీమ్ 1943 ప్రాంతంలో సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యతలు చేపట్టాడు. ఈ జట్టును అప్పట్లో సిటీ ఆఫ్ఘన్స్ అనేవారు. 1943లో బెంగళూరులో జరిగిన యాష్ గోల్డ్ కప్ ఫైనల్‌లో ఈ జట్టు రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించింది. ప్రత్యర్థి జట్టులో ప్రఖ్యాత ఇంగ్లీషు క్రికెటర్, ఫుట్‌బాల్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ కూడా ఉన్నాడు.

1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమయింది. దాని తరువాత సిటీ పోలీసు జట్టు దేశవ్యాప్త పోటీలలో విజృంభించింది. 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టును ఓడించి కప్పు గెలుచుకుంది. 1888లో సిమ్లాలో ప్రారంభమైన ఈ పోటీ, స్వాతంత్ర్యం వచ్చిన తరువాత జరగడం అదే మొదటిసారి. మళ్ళీ 1954లోను, 1957లోను ఈ జట్టు డ్యూరాండ్ కప్ సాధించింది.

బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌లో సిటీ పోలీసు జట్టు సాధించిన రికార్డు మరింత గొప్పది. 1950, 1951, 1952, 1953, 1954 సంవత్సరాలలో వరుసగా ఐదుసార్లు ఈ కప్పును గెలుచుకుంది. 1957లో మరొకసారి గెలిచింది. ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత ఈ జట్టు ఆంధ్ర పోలీసు పేరుతో ఆడసాగింది. ఆ పేరుతో 1960లో రోవర్స్ కప్, 1961లో డ్యూరాండ్ కప్ గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్ జట్టుతో కలిసి రోవర్స్ కప్‌ను పంచుకుంది.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58లలో వరుసగా రెండుసార్లు సాధించింది. రెండు ఫైనల్స్‌లోనూ బొంబాయి జట్టే ప్రత్యర్థి.

పోలీసు జట్టు విజయాల వెనుక ఉద్యోగ భద్రత కూడా ఉంది. పేద కుటుంబాల నుండి వచ్చిన యువకులకు పోలీసు శాఖ కొలువు, జీతం ఇచ్చింది. కలకత్తా క్లబ్బులు ఆశ చూపినా కొందరు ఆటగాళ్ళు ఇక్కడే ఉండిపోవడానికి ఇది కారణమయింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, సయ్యద్ మొయినుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్, డి.ఎం.కె.అఫ్జల్ వంటి వారు రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాదు ఆటగాళ్ళలో ప్రసిద్ధులు.

తులసీదాస్ బలరామ్

రహీమ్ శిష్యులలో తులసీదాస్ బలరామ్ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడ గ్రామంలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టిన బలరామ్, స్థానిక లీగ్ పోటీలలో ఆడుతుండగా రహీమ్ దృష్టిలో పడ్డాడు. ప్రతిరోజూ హైదరాబాదు వచ్చి సాధన చేయమని రహీమ్ కోరాడు. కాని అంత దూరం రావడానికి బలరామ్ వద్ద డబ్బులు లేవు. అద్దె సైకిలు ఖర్చు తానే భరించి రహీమ్ ఆ కుర్రవాడిని మైదానానికి రప్పించాడు. బలరామ్ 1956లో మెల్బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్‌లోను, 1962 ఆసియా క్రీడలలోను భారతదేశానికి ఆడాడు. చునీ గోస్వామి, పి.కె.బెనర్జీలతో కలిపి ఆయనను భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులలో ఒకడిగా పేర్కొంటారు. బలరామ్ 2023, ఫిబ్రవరి 16న మరణించాడు.

భారత జట్టు శిక్షకుడిగా

1951 ఆసియా క్రీడలు

రహీమ్ 1950లో భారత జట్టు శిక్షకుడయ్యాడు. మరుసటి సంవత్సరం మార్చి నెలలో మొట్టమొదటి ఆసియా క్రీడలు న్యూఢిల్లీలో జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలోని భారత జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను చెరి 3-0 తేడాతో ఓడించి ఫైనల్ చేరింది. ఫైనల్‌లో సాహూ మేవాలాల్ చేసిన ఏకైక గోలుతో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణ పతకం గెలుచుకుంది. ఆసియా స్థాయిలో భారత ఫుట్‌బాల్‌కు అదే తొలి విజయం.

1952 హెల్సింకి ఒలింపిక్స్

ఈ విజయం జరిగిన మరుసటి సంవత్సరమే పెద్ద పరాభవం ఎదురయింది. హెల్సింకిలో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయింది. మన ఆటగాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. చలి, తడి నేల వారిని మరింత ఇబ్బంది పెట్టాయి. ఈ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించడాన్ని తప్పనిసరి చేసింది. రహీమ్‌కు కూడా ఇదొక గుణపాఠం అయింది. పాత అమరికతో ఐరోపా జట్లను ఎదుర్కోలేమని ఆయన గ్రహించాడు. మార్పులు మొదలైనది ఇక్కడినుండే.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్

నాలుగు సంవత్సరాల తరువాత ఫలితం కనిపించింది. మెల్బోర్న్‌లో మొదటి ప్రత్యర్థి హంగేరీ పోటీ నుండి తప్పుకోవడంతో భారత జట్టు నేరుగా క్వార్టర్ ఫైనల్ చేరింది. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. ఈ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడయ్యాడు. నాలుగవ గోలు కిట్టు అని పిలువబడే జె.కృష్ణస్వామిది. మామూలుగా అందరికంటే ముందుండే సెంటర్ ఫార్వర్డ్‌ను కొంచెం వెనుకకు జరిపి ఆడించే హంగేరీ పద్ధతిని రహీమ్ ఇక్కడ ఉపయోగించాడు. దీనితో ఎవరిని కాపలా కాయాలో ప్రత్యర్థి రక్షణ ఆటగాళ్ళకు అర్థం కాలేదు.

ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం భారతదేశమే. సెమీఫైనల్‌లో యుగోస్లావియా మీద మొదటి గోలు కూడా నెవిల్ డిసౌజాయే చేశాడు. కాని యుగోస్లావియా వెంటనే తేరుకుని 4-1తో గెలిచింది. నాలుగేళ్ళ క్రితం పది గోళ్ళు చేసిన దేశం మీద ఆధిక్యం సాధించడం, కొద్దిసేపే అయినా, జట్టు ఎంత ఎదిగిందో చెబుతుంది. కాంస్య పతకం కొరకు జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలవడంతో భారత్ నాలుగవ స్థానంలో నిలిచింది. ఈ జట్టుకు నాయకుడు సమర్ బెనర్జీ. జట్టులో హైదరాబాదు ఆటగాళ్ళు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు.

1960 రోమ్ ఒలింపిక్స్

1958లో టోక్యోలో జరిగిన ఆసియా క్రీడలలో భారతదేశం నాలుగవ స్థానంతో సరిపెట్టుకుంది. తరువాత ఇండోనేషియాను ఓడించి రోమ్ ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించింది. అక్కడ కఠినమైన వర్గంలో పడింది. హంగేరీతో 1-2 తేడాతో ఓడింది. ఆ ఒక్క గోలు బలరామ్ చేశాడు. ఫ్రాన్సుతో మ్యాచ్ 1-1తో సమానంగా ముగిసింది. ఇందులో గోలు చేసినది జట్టు నాయకుడు పి.కె.బెనర్జీ. చివరి మ్యాచ్‌లో పెరూ చేతిలో 1-3తో ఓడిపోయింది. పతకం రాకపోయినా హంగేరీ, ఫ్రాన్సు వంటి దేశాలతో దీటుగా ఆడగలమని ఈ జట్టు నిరూపించింది. దీని తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు మళ్ళీ అర్హత సాధించలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడలు

రహీమ్ జీవితంలో చివరిది, అతి పెద్దది అయిన విజయం ఇది. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుతున్నాడు. చునీ గోస్వామి నాయకత్వంలోని జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయింది. తరువాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో ఓడించి సెమీఫైనల్ చేరింది. థాయిలాండుతో ఆడుతున్నప్పుడు రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి.

ఇక్కడ రహీమ్ ఒక సాహసం చేశాడు. గాయపడిన జర్నైల్ సింగ్‌ను పక్కన కూర్చోబెట్టకుండా, రక్షణ స్థానం నుండి మార్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. జర్నైల్ పొడవైనవాడు, బలిష్ఠుడు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను భారత్ 3-2తో ఓడించింది. రెండు గోళ్ళు గోస్వామి, ఒక గోలు జర్నైల్ చేశారు.

ఫైనల్ నాటికి జకార్తాలో వాతావరణం భారత జట్టుకు పూర్తిగా ప్రతికూలంగా మారింది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల క్రీడాకారులకు ఇండోనేషియా ప్రభుత్వం ప్రవేశం నిరాకరించింది. అటువంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవరాదని భారత క్రీడాధికారి జి.డి.సోంధీ వాదించాడు. దీనితో స్థానికులు ఆగ్రహించి భారత రాయబార కార్యాలయం వద్ద నిరసన ప్రదర్శనలు జరిపారు. సెనయన్ స్టేడియంలో సుమారు లక్ష మంది ప్రేక్షకులు భారత జట్టును ఎగతాళి చేస్తూ అరిచారు. ఫైనల్‌కు ముందు రహీమ్ ఆటగాళ్ళను సమావేశపరచి, తనకు కానుకగా స్వర్ణ పతకం ఇవ్వమని మాత్రమే అడిగాడని ఆనాటి ఆటగాళ్ళు తరువాత గుర్తు చేసుకున్నారు.

సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియాయే. సెమీఫైనల్‌లో ఆడని గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను రహీమ్ తిరిగి జట్టులోకి తీసుకున్నాడు. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోళ్ళు చేశారు. తలకు కట్టుతో ఆడిన జర్నైల్ గోలు చేయడం ఆ మ్యాచ్‌లో అందరూ చెప్పుకునే ఘట్టం. ఆట చివరిలో కొరియా ఒక గోలు చేసినా, భారత్ 2-1తో గెలిచింది. విజేత జట్టులోని బలరామ్, యూసుఫ్ ఖాన్, తంగరాజ్‌లు జంటనగరాలతో అనుబంధం ఉన్నవారే.

మరణం

జకార్తా విజయం తరువాత రహీమ్ ఆరోగ్యం వేగంగా క్షీణించింది. 1963, జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. మరణించే నాటికి ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి పదవిలోనే ఉన్నాడు. అదే సంవత్సరం ఆంధ్ర పోలీసు జట్టు మరొకసారి రోవర్స్ కప్ గెలుచుకుంది.

కుటుంబం

రహీమ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ కూడా ఫుట్‌బాల్ ఆటగాడే. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో సభ్యుడు. భారత వైమానిక దళంలో పనిచేశాడు. తరువాత అంతర్జాతీయ రిఫరీగా పేరు పొందాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో భారత జట్టుకు పి.కె.బెనర్జీతో కలిసి సహాయ శిక్షకుడిగా వ్యవహరించాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. 2021, ఆగష్టు 22న మరణించాడు.

రహీమ్ తరువాత

రహీమ్ మరణానంతరం కొంతకాలం ఆయన వేసిన పునాది నిలిచింది. 1964 ఆసియా కప్‌లో భారతదేశం రెండవ స్థానం పొందింది. 1965-66లో ఆంధ్ర ప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో భారత జట్టు కాంస్య పతకం సాధించింది. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదు వాడు. రహీమ్ చివరి రోజులలో పోలీసు జట్టులో చేరి ఎదిగినవాడు. ఆ జట్టు శిక్షకులలో పి.కె.బెనర్జీ ఒకడు.

1974లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యువజన ఛాంపియన్‌షిప్‌లో భారత యువజట్టు ఫైనల్ చేరింది. ఇరాన్‌తో జరిగిన ఫైనల్ 2-2తో సమానంగా ముగియడంతో రెండు దేశాలను సంయుక్త విజేతలుగా ప్రకటించారు. ఆ స్థాయిలో భారతదేశానికి దక్కిన ఏకైక ఆసియా టైటిల్ ఇదే. ఈ యువజట్టు నాయకుడు హైదరాబాదుకు చెందిన షబ్బీర్ అలీ. శిక్షకుడు అరుణ్ ఘోష్. ఘోష్ 1962 జకార్తా జట్టులో రహీమ్ వద్ద ఆడినవాడు. రహీమ్ మరణించిన పదకొండేళ్ళకు వచ్చిన ఈ విజయంలో శిక్షకుని ద్వారాను, నాయకుని నగరం ద్వారాను ఆయన వారసత్వం కనిపిస్తుంది.

అయితే ఆ వారసత్వం ఎక్కువకాలం నిలవలేదు. రహీమ్ నడిపిన వ్యవస్థ అంతా ఒక వ్యక్తి శ్రమ మీద ఆధారపడినది. లీగ్ పోటీలు నడిపేవాడు, ఆటగాళ్ళను వెదికేవాడు, వారికి నేర్పేవాడు, జట్టును ఎంపిక చేసేవాడు ఒక్కరే కావడం వల్ల, ఆయన పోగానే నాలుగు పనులూ ఒకేసారి కుంటుపడ్డాయి. ఆయన పద్ధతులను పాఠశాలలకు అందించే ఏర్పాటు జరగలేదు. మంచి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు వెళ్ళిపోవడం, నగరంలో ఆటస్థలాలు తగ్గిపోవడం, క్రికెట్‌కు ఆదరణ పెరగడం కూడా హైదరాబాదు ఫుట్‌బాల్ క్షీణతకు కారణాలయ్యాయి. 1965-66 తరువాత ఆంధ్ర ప్రదేశ్ గాని, 2014లో ఏర్పడిన తెలంగాణ గాని సంతోష్ ట్రోఫీ గెలవలేదు. 2017లో భారతదేశం అండర్-17 ప్రపంచ కప్‌కు ఆతిథ్యం ఇచ్చినప్పుడు ఆరు వేదికలలో హైదరాబాదు లేదు. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. జట్టు 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచి నగరానికి తిరిగి కొంత పేరు తెచ్చింది.

గుర్తింపు

క్రీడా శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో ప్రారంభమయింది. అప్పటికి రహీమ్ మరణించి 22 సంవత్సరాలు గడిచాయి. ఆయన శిష్యులకు మాత్రం గుర్తింపు దక్కింది. 1961లో ప్రారంభమైన అర్జున పురస్కారాన్ని ఫుట్‌బాల్‌లో మొదట పి.కె.బెనర్జీ, తరువాత బలరామ్, చునీ గోస్వామి, జర్నైల్ సింగ్, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్ మొదలైనవారు అందుకున్నారు. నయీముద్దీన్ అర్జున, ద్రోణాచార్య పురస్కారాలు రెండూ పొందాడు.

రహీమ్ పేరు చాలాకాలంపాటు ఫుట్‌బాల్ అభిమానులకు మాత్రమే తెలిసినదిగా ఉండిపోయింది. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం విడుదలయింది. అమిత్ రవీందర్‌నాథ్ శర్మ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో రహీమ్ పాత్రను అజయ్ దేవగణ్ పోషించాడు. సంగీతం ఎ.ఆర్.రెహమాన్. ఈ చిత్రం వలన హైదరాబాదు బడిపంతులు కథ దేశంలోని కొత్త తరానికి పరిచయమయింది.

ముఖ్య విజయాలు

* ఆసియా క్రీడలు - స్వర్ణ పతకం: 1951 (న్యూఢిల్లీ), 1962 (జకార్తా)
* ఒలింపిక్ క్రీడలు - నాలుగవ స్థానం: 1956 (మెల్బోర్న్)
* సంతోష్ ట్రోఫీ (హైదరాబాదు): 1956-57, 1957-58
* డ్యూరాండ్ కప్ (హైదరాబాదు సిటీ పోలీసు, ఆంధ్ర పోలీసు): 1950, 1954, 1957, 1961
* రోవర్స్ కప్ (హైదరాబాదు సిటీ పోలీసు, ఆంధ్ర పోలీసు): 1950, 1951, 1952, 1953, 1954, 1957, 1960, 1962 (సంయుక్తంగా)

1962 తరువాత భారతదేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణ పతకం గెలవలేదు. 1970 నాటి కాంస్యం తరువాత ఏ పతకమూ రాలేదు.